విదేశీ ఎస్‌యూవీ మోజు: చివరి కొనుగోలుదారు మెడకు పన్ను ఉచ్చు

కొచ్చిలోని కస్టమ్స్ నివారణ విభాగం 2025 సెప్టెంబరు 23న కేరళవ్యాప్తంగా సుమారు 30 చోట్ల సోదాలు జరిపి, ఒక్కరోజులోనే 36 వాహనాలను స్వాధీనం చేసుకుంది. వాటిలో టొయోటా ల్యాండ్ క్రూయిజర్లు, ల్యాండ్ రోవర్ డిఫెండర్లు, నిస్సాన్ పాట్రోల్ వాహనాలు ఉన్నాయి. ఈ దాడులకు పెట్టిన పేరు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’. భూటాన్ అధికార భాష జోంగ్‌ఖాలో నుమ్‌ఖోర్ అంటే వాహనం. ఆ దేశ సైన్యం వేలం వేసిన పాత వాహనాలను కారుచౌకగా కొని, సరిహద్దు దాటించి, నకిలీ పత్రాలతో భారతదేశంలో రిజిస్ట్రేషన్ చేయించి, సంపన్నులకు అమ్మారన్నది అధికారుల అభియోగం. కొన్ని వాహనాలకు భారత సైన్యం, విదేశీ రాయబార కార్యాలయాలు ఇచ్చినట్టుగా పత్రాలు సృష్టించారని కూడా వారు వెల్లడించారు. ఆ తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సైతం రంగంలోకి దిగింది.

సోదాలు ప్రముఖ సినీ నటుల ఇళ్ల వరకు వెళ్లడంతో పతాక శీర్షికలన్నీ వారి చుట్టూనే తిరిగాయి. అసలు ప్రశ్న మాత్రం మరుగున పడింది. రవాణా శాఖ జారీచేసిన ఆర్‌సీ, చెల్లుబాటయ్యే బీమా, బ్యాంకు ద్వారా చెల్లించిన సొమ్ముకు రసీదు చేతిలో ఉన్న వ్యక్తి సైతం ఒక ఉదయం తన వాహనాన్ని కస్టమ్స్ అధికారులకు అప్పగించవలసి వస్తే, ఆ ఆర్‌సీకి విలువ ఏమిటి? విదేశాల నుంచి వచ్చిన పాత విలాసవంతమైన ఎస్‌యూవీని, అందులోనూ పెట్రోలు ఇంజిన్ వాహనాన్ని కొనాలనుకునే వారి సంఖ్య పెద్ద నగరాలన్నిటా పెరుగుతున్న వేళ, హైదరాబాద్ కూడా ఇందుకు మినహాయింపు కానప్పుడు, ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం అవసరం.

ధరలో సగానికి పైగా పన్నే

పాత విదేశీ వాహనాల విపణిని అర్థం చేసుకోవాలంటే ముందుగా సుంకం లెక్క చూడాలి. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే కొత్త కారు విలువ 40 వేల డాలర్లు దాటితే, దానిపై పడే మొత్తం దిగుమతి సుంకం 110 శాతం. వాడిన కారు అయితే అది 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో మూల సుంకాన్ని 70 శాతానికి తగ్గించినట్టు కనిపించినా, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సును జోడించడంతో మొత్తం భారం యథాతథంగానే నిలిచింది. దీనిపై జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలపై అది 40 శాతం. అంతకు ముందు పన్ను, పరిహార సెస్సు కలిపి 50 శాతం ఉండేది.

ఒక ఉదాహరణ చూద్దాం. కస్టమ్స్ విలువ 50 లక్షల రూపాయలుగా లెక్కకట్టిన ఒక వాడిన ఎస్‌యూవీ రేవుకు చేరిందనుకుందాం. దానిపై సుంకం 68.75 లక్షలు. రెండూ కలిపిన 1.18 కోట్లకు పైబడిన మొత్తంపై 40 శాతం జీఎస్టీ అంటే మరో 47.5 లక్షలు. వెరసి వాహనం రేవు దాటేసరికి ఖర్చు 1.66 కోట్లు దాటుతుంది. ఇందులో పన్నుల వాటాయే 1.16 కోట్లు. రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే జీవితకాల పన్ను దీనికి అదనం. ఇదే వాహనం విలువను పత్రాల్లో సగానికి తగ్గించి 25 లక్షలుగా చూపిస్తే, ఒక్క వాహనంపైనే సుమారు 58 లక్షల పన్ను మిగులుతుంది. మొత్తం వాహనాన్ని దొంగదారిన తెస్తే మిగిలేది కోటికి పైనే. అక్రమ వ్యాపారానికి ఇంతకు మించిన ఆకర్షణ అక్కరలేదు.

అందువల్ల, విపణిలో ఒక పాత విదేశీ ఎస్‌యూవీ అసాధారణమైన తక్కువ ధరకు లభిస్తోందంటే దానికి కారణం యంత్రంలోని లోపమే కానవసరం లేదు. ఎక్కడో ఎవరో ఎగవేసిన పన్ను కూడా ఆ తగ్గింపులో దాగి ఉండవచ్చు.

దారులు మూడు, గమ్యం ఒక్కటే

గడచిన కొన్నేళ్లలో వెలుగుచూసిన కేసులను గమనిస్తే అక్రమ దిగుమతికి ప్రధానంగా మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది దౌత్య హోదా దుర్వినియోగం. విదేశీ దౌత్యవేత్తలు తమ వినియోగానికి సుంకం లేకుండా వాహనం తెచ్చుకోవచ్చు. ఈ వెసులుబాటును అడ్డుపెట్టుకుని ఐదేళ్లలో 20కి పైగా విలాసవంతమైన కార్లను తెప్పించి, 25 కోట్లకు పైగా సుంకం ఎగవేసిన ముఠాను ‘ఆపరేషన్ మాంటె కార్లో’ పేరిట 2021 జులైలో ఛేదించినట్టు రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ (డీఆర్‌ఐ) ప్రకటించింది. ఆ కార్లకు మణిపూర్‌లో రిజిస్ట్రేషన్లు చేయించారని అప్పట్లో పేర్కొంది.

రెండోది విలువను తగ్గించి చూపడం. 2025 మే నెలలో హైదరాబాద్‌కు చెందిన ఒక కార్ల వ్యాపారిని డీఆర్‌ఐ అరెస్టు చేసింది. అమెరికా, జపాన్‌ల నుంచి ఖరీదైన కార్లను కొని, దుబాయ్‌కో శ్రీలంకకో తరలించి, అక్కడ ఎడమవైపు స్టీరింగును కుడివైపుకు మార్పించి, విలువను సగం దాకా తగ్గించిన నకిలీ పత్రాలతో దేశంలోకి తెచ్చారని, సుంకం ఎగవేత 100 కోట్ల రూపాయల మేరకు ఉంటుందని ఆ సంస్థ ఆరోపించింది. తెలుగు రాష్ట్రాల్లోని కొనుగోలుదారులకు ఈ వ్యవహారం దూరపు వార్త కాదనడానికి ఈ ఒక్క కేసు చాలు. మూడోది భూటాన్ దారి. అక్కడి నుంచి వచ్చిన వాహనాల్లో పలువాటికి హిమాచల్ ప్రదేశ్ తదితర రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు ఉన్నట్టు కేరళ దర్యాప్తులో తేలింది.

మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వాహనం ప్రవేశించిన చోటు ఒకటి, తొలి రిజిస్ట్రేషన్ జరిగిన చోటు ఇంకొకటి, అమ్ముడైన చోటు మరొకటి. మూడు రాష్ట్రాలు దాటేసరికి పత్రాల మరక పలచబడిపోతుంది. నిరభ్యంతర పత్రంపై వాహనం మరో రాష్ట్రానికి బదిలీ అయిన ప్రతిసారీ కొత్త కార్యాలయం పాత కార్యాలయం ఇచ్చిన వివరాలనే ప్రామాణికంగా తీసుకుంటుంది. తొలి తప్పు తర్వాతి కార్యాలయాల్లో అధికారిక సమాచారంగా మారిపోతుంది.

మన పొరుగు దేశాలు ఇందుకు భిన్నమైన విధానాలు పాటిస్తున్నాయి. మనలాగే ఎడమవైపు ప్రయాణించే జపాన్ నుంచి వాడిన వాహనాలను తెచ్చుకునే వ్యాపారం బంగ్లాదేశ్, శ్రీలంకలలో బహిరంగంగానే సాగుతుంది. బంగ్లాదేశ్ ఐదేళ్ల లోపు వాహనాలను అనుమతిస్తుంది. విదేశీ మారకద్రవ్య సంక్షోభంతో 2020 నుంచి దిగుమతులు నిలిపివేసిన శ్రీలంక 2025 ఫిబ్రవరిలో ప్రైవేటు వాహనాలకు మళ్లీ తలుపులు తెరిచింది. స్వదేశీ పరిశ్రమ రక్షణ కోసం భారత్ గట్టి గోడ కట్టుకుంది. ఆ గోడ ఎత్తు ఎంతో, దానికి కన్నం వేసేవారికి దక్కే లాభమూ అంతే.

చట్టం ఇచ్చే రక్షణ ఎంత?

విదేశీ వాణిజ్య నిబంధనల ప్రకారం దేశంలోకి తెచ్చే వాడిన కారు తయారై మూడేళ్లు మించి ఉండకూడదు. స్టీరింగు కుడివైపునే ఉండాలి. వేగమాపకం కిలోమీటర్లలో చూపాలి. దిగుమతి తేదీ నుంచి కనీసం ఐదేళ్లపాటు రహదారిపై నడిచే యోగ్యత ఉండాలి. ముంబయి రేవు ద్వారా మాత్రమే ప్రవేశించాలి. పురాతన వాహనాలకు నిబంధనలు వేరు. ఈ షరతులను బట్టి చూస్తే, వాడిన ల్యాండ్ క్రూయిజర్ భూటాన్ సరిహద్దు రహదారి మీదుగా సక్రమంగా రావడానికి వీలే లేదు.

షరతులు ఉల్లంఘించి తెచ్చిన వస్తువును కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 111 కింద జప్తు చేయవచ్చు. జప్తుకు గురయ్యేది వస్తువు. అది ఎన్ని చేతులు మారినా ఆ మచ్చ వెంటాడుతూనే ఉంటుంది. తప్పు జరిగిందని నమ్మడానికి సహేతుక కారణం ఉంటే సెక్షన్ 110 కింద అధికారి దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. ఆరు నెలల్లో సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. ఈ గడువును మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఈలోగా బాండు, హామీ సమర్పించి సెక్షన్ 110ఏ కింద వాహనాన్ని తాత్కాలికంగా విడిపించుకునేందుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కేరళ వ్యవహారంలో ఒక నటుడి పిటిషన్‌పై అక్కడి హైకోర్టు ఇటువంటి దరఖాస్తును పరిశీలించాలని కస్టమ్స్ శాఖను ఆదేశించింది.

మరి ఎగవేసిన సుంకాన్ని ఎవరు కట్టాలి? ఒక పోర్షే కారు కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకమైంది. వివరాలు తప్పుగా చూపి దిగుమతి చేశారన్న ఆరోపణపై, ఆ కారును తర్వాత కొన్న వ్యక్తి నుంచి సుంకం రాబట్టాలని కస్టమ్స్ శాఖ ప్రయత్నించింది. దిగుమతిదారు కాని తదుపరి కొనుగోలుదారుపై సుంకం చెల్లింపు బాధ్యత మోపజాలరని న్యాయస్థానం స్పష్టం చేసింది. నిజాయతీగా కొన్నవారికి ఇది గొప్ప ఊరట. అయితే ఆ ఊరట దక్కడానికి ట్రైబ్యునల్ నుంచి సుప్రీంకోర్టు దాకా ఏళ్ల తరబడి న్యాయపోరాటం సాగించవలసి వచ్చిందన్నది మరువరాదు. సుంకం బాధ్యత తప్పినంత మాత్రాన వాహనం జప్తు ముప్పు తొలగినట్టు కాదు. జప్తుకు బదులు జరిమానా చెల్లించి విడిపించుకునే వీలును సెక్షన్ 125 కల్పిస్తున్నా, నిషిద్ధ వస్తువుల విషయంలో అది అధికారి విచక్షణకు లోబడి ఉంటుంది.

అమ్మినవారిపై కొన్నవారికి హక్కులు లేకపోలేదు. అమ్మే హక్కు తనకు ఉన్నదన్న హామీ ప్రతి విక్రయంలోనూ అంతర్లీనంగా ఉంటుందని వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 14 చెబుతోంది. వ్యాపారి నుంచి కొంటే వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. కానీ వాహనం స్వాధీనమయ్యే నాటికి ఆ వ్యాపారి దుకాణం తెరచి ఉంటాడా అన్నదే సందేహం.

పెట్రోలు వైపు మొగ్గు ఎందుకు?

ఒకప్పుడు పెద్ద ఎస్‌యూవీ అంటే డీజిల్ ఇంజినే. రాజధాని ప్రాంతంలో వచ్చిన ఆంక్షలు ఈ అభిరుచిని మార్చాయి. దిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. అలాంటి వాహనాల యజమానులపై కఠిన చర్యలు వద్దని 2025 ఆగస్టులో చెప్పిన అదే న్యాయస్థానం, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. విధానం ఎటు తిరిగినా, డీజిల్ కంటే పెట్రోలు వాహనానికి కాగితంపై ఐదేళ్ల ఆయుష్షు ఎక్కువన్న భావన స్థిరపడింది. గడువు దగ్గరపడిన డీజిల్ ఎస్‌యూవీలు దిల్లీ నుంచి ఇతర రాష్ట్రాలకు చౌకగా తరలివస్తుండగా, పెట్రోలు వాహనాలు తమ విలువను కొంత నిలబెట్టుకుంటున్నాయి.

అయితే పాత విదేశీ పెట్రోలు ఇంజిన్‌కు మన దేశంలో కొత్త పరీక్ష ఎదురవుతోంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సాధారణమైంది. దానికి అనువైన విడిభాగాలతో కార్లు రావడం ఇక్కడ 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకు ముందు తయారైన వాహనాల్లో మైలేజీ కొంత తగ్గుతుందని పెట్రోలియం శాఖే అంగీకరించింది. 10 శాతం మిశ్రమానికి రూపొంది 20 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఒకటి రెండు శాతం, మిగిలిన వాటిలో 3 నుంచి 6 శాతం మేరకు తగ్గుదల ఉంటుందని పేర్కొంది. పాత వాహనాల్లోని రబ్బరు గొట్టాలు, సీళ్లపై ఇథనాల్ ప్రభావాన్ని కూడా గమనించాలి. జపాన్, గల్ఫ్, ఐరోపా విపణుల కోసం తయారైన వాహనం ఇంధన ట్యాంకు మూతపై ఎంత ఇథనాల్ వరకు అనుమతి ఉందో, ఎంత ఆక్టేన్ అవసరమో రాసి ఉంటుంది. 95 ఆక్టేన్ కోరే టర్బో ఇంజిన్‌లో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తూ పోతే శక్తి తగ్గుతుంది, ఇంజిన్‌లో నాకింగ్ సమస్య తలెత్తుతుంది. ఖరీదైన ప్రీమియం పెట్రోలు వాడవలసి వస్తే నెలవారీ ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

లెక్క వేసి చూస్తే ఇంధన భారం తేలిగ్గా అర్థమవుతుంది. 5.7 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజిన్‌తో 2018లో భారత విపణిలోకి వచ్చిన లెక్సస్ ఎల్‌ఎక్స్ 570 వంటి వాహనం నగర రద్దీలో లీటరుకు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకున్నా, ఏడాదికి 10 వేల కిలోమీటర్లకు 1,600 లీటర్లకు పైగా పెట్రోలు కావాలి. లీటరు 100 రూపాయల లెక్కన చూసినా అది 1.6 లక్షల పైమాటే. నిజానికి ఈ శ్రేణి వాహనంలో ఇంధనం కంటే మరమ్మతు ఖర్చే యజమానిని కుంగదీస్తుంది. గాలి సస్పెన్షన్, శక్తిని నాలుగు చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెలు చెడిపోతే విడిభాగం విదేశం నుంచి రావలసిందే. దానిపైనా దిగుమతి సుంకం ఉంటుంది.

చౌకదనానికి సక్రమ కారణాలూ ఉన్నాయి

పాత విదేశీ వాహనాల ధరలు పడిపోవడానికి అక్రమాలు ఒక్కటే కారణమని భావించడం పొరపాటు. టాటా మోటార్స్ యాజమాన్యంలోని జేఎల్‌ఆర్ 2024లో రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్ వాహనాలను పుణెలో బిగించడం ప్రారంభించనున్నట్టు ప్రకటించి, ధరలు 18 నుంచి 22 శాతం వరకు తగ్గుతాయని తెలిపింది. బ్రిటన్‌లో పూర్తిగా తయారై, అంతకు ఏడాది ముందు పూర్తి సుంకంతో వచ్చిన అదే మోడల్ పాత విపణిలో ఒక్కసారిగా విలువ కోల్పోక తప్పలేదు. జీప్ రాంగ్లర్ కూడా 2021 నుంచి పుణె సమీపంలోని రంజన్‌గావ్‌లోనే తయారవుతోంది. అంతకు ముందు వచ్చినవి పూర్తిస్థాయి దిగుమతులు.

2025 జులై 24న భారత్, బ్రిటన్‌ల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం నిర్ణీత కోటా మేరకు బ్రిటిష్ కార్లపై సుంకం క్రమంగా 10 శాతానికి దిగిరానుంది. ఇందులో ఒక మెలిక ఉంది. డిఫెండర్ పేరుకు బ్రిటిష్ వాహనమే అయినా నేడు తయారయ్యేది స్లొవేకియాలోని నిత్రా కర్మాగారంలో. అంటే దానికి వర్తించేది యూరోపియన్ యూనియన్‌తో భారత్ కుదుర్చుకునే ఒప్పందమే. ఆ చర్చలు ముగిసినట్టు 2026 జనవరిలో ఇరుపక్షాలు ప్రకటించాయి. ఈ రాయితీలు కొత్త కార్లకు ఉద్దేశించినవే అయినా, కొత్త కారు ధర తగ్గిన ప్రతిసారీ పాత కారు ధర కూడా దిగుతుంది. నేడు కోటి రూపాయలు పెట్టి మూడేళ్ల నాటి విదేశీ ఎస్‌యూవీని కొనేవారు, వచ్చే ఐదేళ్లలో దాన్ని అమ్మబోయేటప్పుడు ఎదురయ్యే ధరను ముందే ఊహించుకోవాలి.

కొనేముందు సరిచూడవలసినవి

ముందుగా రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి తయారీ నెల, సంవత్సరం. రెండోది భారతదేశంలో తొలి రిజిస్ట్రేషన్ తేదీ. రెండింటి మధ్య మూడేళ్లకు మించిన అంతరం ఉంటే, దానికి చట్టబద్ధమైన వివరణ, పత్రం చూపే బాధ్యత అమ్మేవారిదే. వాడిన కారుకు దిగుమతి వయోపరిమితి మూడేళ్లే గనుక, ఈ చిన్న తీసివేత లెక్క చాలా మోసాలను బయటపెట్టగలదు.

తర్వాత ఛాసిస్ నంబరు. 17 అక్షరాలు, అంకెలతో ఉండే ఈ సంఖ్యలో తొలి అక్షరం తయారీ ప్రాంతాన్ని సూచిస్తుంది. జపాన్‌కు జె, బ్రిటన్‌కు ఎస్, జర్మనీకి డబ్ల్యూ, అమెరికాకు 1, 4 లేదా 5, భారత్‌లో తయారైనవాటికి ఎం ఉంటాయి. అమెరికా సంఖ్య ఉన్న క్యాడిలాక్ ఎస్కలేడ్ లేదా లింకన్ నావిగేటర్‌కు కుడివైపు స్టీరింగు ఉందంటే, అది కర్మాగారం నుంచి అలా వచ్చింది కాదని గుర్తించాలి. స్టీరింగు మార్పిడిలో డ్యాష్‌బోర్డు, ఎయిర్‌బ్యాగు తీగలు, బ్రేకు అమరిక అన్నీ కదులుతాయి. ప్రమాద సమయంలో అవి ఎలా పనిచేస్తాయో హామీ ఇచ్చే తయారీదారు ఎవరూ ఉండరు. ఆర్‌సీలోని సంఖ్య, చట్రంపై చెక్కిన సంఖ్య, ముందు అద్దం వద్ద కనిపించే సంఖ్య మూడూ ఒకటేనా అన్నది స్వయంగా చూడాలి.

దిగుమతి దస్త్రంలో ప్రధానమైనది బిల్ ఆఫ్ ఎంట్రీ. అందులో దిగుమతిదారు పేరు, రేవు, ప్రకటించిన విలువ, చెల్లించిన సుంకం ఉంటాయి. సుంకం చెల్లింపు రసీదుతో పాటు దాని అసలు ప్రతిని అడగాలి. ప్రకటించిన విలువ ఆ మోడల్ విదేశీ ధరలో సగానికి అటూ ఇటూ ఉంటే, భవిష్యత్తులో నోటీసు రావడానికి ఆ పత్రమే కారణమవుతుంది. దౌత్య కార్యాలయం లేదా అంతర్జాతీయ సంస్థ పేరిట వచ్చిన వాహనమైతే, విక్రయానికి అనుమతి పొందినట్టు, సుంకం చెల్లించినట్టు చూపే పత్రాలు విడిగా ఉండాలి. సైన్యం వేలంలో కొన్నామని చెబితే వేలం పత్రాన్ని జారీచేసిన కార్యాలయంతోనే ధ్రువీకరించుకోవాలి. విదేశీ ఎస్‌యూవీ తొలి రిజిస్ట్రేషన్ అమ్మకందారుకు ఏ సంబంధమూ లేని సుదూర రాష్ట్రంలో జరిగి ఉంటే, ఎందుకు అన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకపోవడమే మేలు.

వ్యాపారి నుంచి కొంటున్నట్టయితే అతనికి రవాణా శాఖ ఇచ్చిన అధీకృత డీలరు ధ్రువపత్రం ఉందో లేదో చూడాలి. పాత వాహనాల డీలర్లకు ఈ ధ్రువపత్రం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. వాహనం తన వద్దకు వచ్చిన నాటి నుంచి దాని బాధ్యత అతనిదే. ఇతర రాష్ట్ర వాహనమైతే ఫారం 28 నిరభ్యంతర పత్రం, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 తప్పనిసరి. ఇక్కడ మళ్లీ చెల్లించవలసిన జీవితకాల పన్ను ఎంతో ముందే రవాణా కార్యాలయంలో తెలుసుకుంటే, ధర బేరంలో అది పనికొస్తుంది. సొంత నష్టానికి బీమా వర్తించాలంటే పాలసీని 14 రోజుల్లో తమ పేరిట మార్పించుకోవాలి. పదిహేనేళ్లు దగ్గరపడిన వాహనమైతే పునర్నమోదు రుసుమునూ లెక్కలో చేర్చాలి. దిగుమతి చేసిన నాలుగు చక్రాల వాహనానికి అది 40 వేల రూపాయలు. 20 ఏళ్లు దాటితే 80 వేలు.

విక్రయ ఒప్పందంలో ఒక వాక్యం అవశ్యం రాయించాలి. దిగుమతి సుంకం, రిజిస్ట్రేషన్‌లకు సంబంధించి తర్వాత ఎప్పుడు వివాదం తలెత్తినా పూర్తి సొమ్ము, నష్టపరిహారం అమ్మకందారే చెల్లించాలన్నది ఆ వాక్యం సారాంశం. దానిపై సంతకానికి వెనుకాడే అమ్మకందారు తన సమాధానం అప్పుడే ఇచ్చినట్టు.

యంత్ర పరీక్షను కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలోనే చేయించడం మంచిది. చల్లని ఇంజిన్‌ను ప్రారంభించినప్పుడు టైమింగ్ గొలుసు నుంచి గలగల శబ్దం వస్తోందా, శీతలీకరణ గొట్టాల్లో కారుడు ఉందా, రాత్రంతా నిలిపితే గాలి సస్పెన్షన్ ఒక పక్కకు కుంగుతోందా, లో రేంజ్ గేరు పడుతోందా అన్నవి తప్పక చూడాలి. ముంబయి, చెన్నై, హైదరాబాద్, కేరళలను ముంచెత్తిన వరదల్లో నానిన వాహనాలు కూడా విపణికి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీతలు వెతకడం, కార్పెట్ల కింద తుప్పు చూడడం తేలికైన పరీక్షలు.

వ్యవస్థ సరిదిద్దుకోవలసినవి

ఇన్ని జాగ్రత్తల భారమంతా కొనేవారిపైనే మోపడం న్యాయం కాదు. ప్రతి సక్రమ దిగుమతి వివరం కస్టమ్స్ శాఖ కంప్యూటర్లలో నిక్షిప్తమై ఉంది. ప్రతి రిజిస్ట్రేషన్ వివరం రవాణా వ్యవస్థలో ఉంది. రెండూ ప్రభుత్వానివే. విదేశీ ఛాసిస్ నంబరుతో ఒక వాహనం రిజిస్ట్రేషన్‌కు వచ్చిన క్షణాన, దానికి సరిపోలే బిల్ ఆఫ్ ఎంట్రీ ఉందా అని యంత్రమే అడిగే ఏర్పాటు ఉంటే, నకిలీ లేఖలతో వచ్చిన వాహనం తొలి కార్యాలయం దగ్గరే ఆగిపోతుంది. దేశమంతటికీ ఒకే జాతీయ పోర్టల్ ఉన్నా, తెలంగాణ ఏళ్ల తరబడి దానికి వెలుపల సొంత వ్యవస్థను నడిపింది. ఇలాంటి ఖాళీలే బదిలీ వాహనాల గత చరిత్రను చీకట్లో ఉంచుతాయి.

దిగుమతి వాహనం ఆర్‌సీపై బిల్ ఆఫ్ ఎంట్రీ సంఖ్య, తేదీ, రేవు పేరు ముద్రించడం, ఛాసిస్ నంబరు ఇస్తే సుంకం చెల్లించారా లేదా అన్న ఒక్క జవాబును ఎవరికైనా చెప్పే వెసులుబాటు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అక్రమ రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయం బాధ్యతను కూడా తేల్చాలి. ముఠా నాయకుడు, దళారి, పత్రాలపై ముద్ర వేసిన ఉద్యోగి తప్పించుకుని, చివరగా సొమ్ము చెల్లించిన వ్యక్తి వాహనం మాత్రమే చిక్కితే ఎగవేత ఆగదు.

సుప్రీంకోర్టు తీర్పు సుంకం భారాన్ని దిగుమతిదారు భుజాలపైనే ఉంచింది. ప్రభుత్వం తన రెండు కంప్యూటర్ వ్యవస్థలను అనుసంధానించే వరకు, సుంకం చెల్లింపు రసీదు చూసిన తర్వాతే వాహనం తాళం చేతికి తీసుకోవడం కొనుగోలుదారుకు క్షేమం.